ఇంట్లో ఒక్క ఆవే ఉంటే పొదుగును రోజూ ఎలా గమనించుకోవాలి

విశాఖ చుట్టుపక్కల పెందుర్తి, ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పెరట్లో ఒక్క ఆవును కట్టుకుని, ఇంటికి కావలసిన పాలు ఉంచుకుని మిగిలినవి పక్కింటికో పాల కేంద్రానికో పోసే ఇళ్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. ఇదంతా వాళ్ల కోసం రాస్తున్నాను. ఇరవై ఆవులున్న డెయిరీలో ఒక చన్ను పోతే ఆ నెల లెక్కలో కొంచెం తేడా వస్తుంది, అంతే. ఒక్క ఆవున్న ఇంట్లో అదే జరిగితే పిల్లల పాలు, పొద్దుటి కాఫీ, నెలాఖరున చేతికొచ్చే పాల డబ్బు అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి, పైగా ముదిరిపోయిన చన్ను వచ్చే ఈతకి కూడా తిరిగి రాకపోవచ్చు.

పొదుగువాపు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎర్రగా ఉబ్బిన పొదుగు, ముట్టుకుంటే తన్నే ఆవు. అది జబ్బు బయటపడ్డాక సంగతి. దానికి ముందు కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు, పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి, ఆవు మేత మేస్తూనే ఉంటుంది, లోపల మాత్రం ఒక చన్ను భాగంలో సూక్ష్మజీవులు కాపురం పెట్టేసి ఉంటాయి. పాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి. మనం ఎండలు అనుకుంటాం, గడ్డి బాగోలేదనుకుంటాం, దిష్టి తగిలిందంటాం. దిష్టి తీయండి, నేను వద్దనను, కానీ అదే చేత్తో పొదుగు కూడా ఒకసారి తడమండి.

ఒక్క విషయం గుర్తుంటే కింద రాసిందంతా సులువుగా అర్థమవుతుంది. పొదుగు బయటికి ఒకే సంచిలా కనిపించినా లోపల నాలుగు భాగాలు, చన్నుకి ఒకటి. ఒక భాగంలోని పాలు ఇంకో భాగంలోకి పోవు. జబ్బు కూడా సాధారణంగా ముందు ఒకదానిలోనే మొదలవుతుంది. అందుకే నాలుగు చన్నులూ ఒకే గిన్నెలోకి పితికేసి పాలు చూస్తే ఏమీ తెలియదు, మూడు మంచి చన్నుల పాలు నాలుగోదాని సంగతి కప్పేస్తాయి. ఏది చూసినా నాలుగింటినీ విడివిడిగా చూడాలి.

ముందు మంచి పొదుగు ఎలా ఉంటుందో మీ చేతికి తెలియాలి

ఆవు బాగున్న రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టండి. పాలు పితికేశాక చూడాలి, పితకక ముందు కాదు, ఎందుకంటే నిండు పొదుగు ఎలాగూ బిగుతుగానే ఉంటుంది, అందులో ఏ తేడా తెలియదు. పితకడం అయ్యాక పొదుగు వదులైపోయి, చర్మం ముడతలు పడి, చేతికి మెత్తగా తగలాలి. అరచేతిని పరిచి కింద నుంచి పైకి నెమ్మదిగా నొక్కుతూ వెళ్లండి. గట్టి ముద్దలు, రాయిలాంటి చోట్లు ఉండకూడదు. తర్వాత అరచేతి వెనక వైపు ఆనించి వేడి చూడండి, జ్వరం చూసినట్టే.

పోల్చేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. వెనక భాగాలు ముందు వాటికంటే పెద్దవి, మొత్తం పాలలో దాదాపు 60 శాతం వాటి నుంచే వస్తాయి. కాబట్టి ముందుదాన్ని వెనకదానితో పోల్చి కంగారు పడకండి. కుడి ముందుదాన్ని ఎడమ ముందుదానితో, కుడి వెనకదాన్ని ఎడమ వెనకదానితో పోల్చండి. జత తప్పితేనే అనుమానం.

చన్ను కొన కూడా చూడండి. పాలు వచ్చే రంధ్రం చుట్టూ నున్నగా ఉంటే మంచిది. పొలుసులు లేచి గరుకుగా తయారైనా, పగిలినా, దూడ పళ్లు దిగినా, ముళ్లకంప గీరుకున్నా అక్కడ సూక్ష్మజీవులకు చోటు దొరికినట్టే. చన్నుల మీద బొబ్బలు కనిపిస్తే నోరు, గిట్టలు కూడా చూసి వెంటనే డాక్టర్‌కి చెప్పండి, అది గాలికుంటు కావచ్చు. అప్పుడు ఇది ఒక్క పొదుగుకి సంబంధించిన గొడవ కాదు.

ఇది రోజూ అర నిమిషం పని. ఓ వారం చేస్తే చెయ్యి అలవాటు పడిపోతుంది, తర్వాత మీరు వేరే కబుర్లు చెప్పుకుంటూ పితికినా తేడా ఉంటే చెయ్యే ఆగిపోతుంది. మా వీధి చివర ఒక అత్త ఉంది, ఆవిడ ఏ పరీక్షలూ చేయదు, ఆ మధ్య ఒక రోజు మాత్రం "ఎడం వెనక చన్ను దగ్గర చెయ్యి పెడితేనే కాలు ఎత్తుతోంది నాన్నా, మిగతా మూడింటికీ ఊరుకుంటోంది" అంది. నాలుగింటికీ తన్నే ఆవుకి కోపమో, కొత్తమనిషి అన్న బెదురో, ఈగలో అనుకోవచ్చు. ఒక్కదానికే తన్నితే ఆ ఒక్కదానికే నొప్పి. పాలు చూస్తే అప్పటికి ఏమీ లేదు, ఆ సాయంత్రానికి ఆ చన్ను వేడెక్కింది. డాక్టర్ మర్నాడే చూశాడు కాబట్టి తొందరగా తగ్గింది.

పితకడానికి కూర్చున్నప్పుడు

చేతులు సబ్బుతో కడుక్కోండి, గోళ్లు కత్తిరించుకోండి. ఇది ఎవరికీ తెలియనిది కాదు, ఎవరూ చేయనిది.

పొదుగు మొత్తం మీద బకెట్టెడు నీళ్లు గుమ్మరించి, తుడవకుండానే పితకడానికి కూర్చోవడం చాలా ఇళ్లలో అలవాటు. దానివల్ల మేలుకంటే కీడే ఎక్కువ. పైన ఉన్న పేడ, మట్టి అంతా నీళ్లతో కలిసి కిందకి జారి సరిగ్గా చన్ను కొన దగ్గరకి చేరుతుంది. పేడ అంటుకుని ఉంటేనే కడగండి, అదీ చన్నుల వరకే, తర్వాత పొడి గుడ్డతో కొన వరకూ తుడవండి. ఆ గుడ్డ ఆవుకే ఉండాలి, రోజూ ఉతికి ఎండలో ఆరేయాలి. భుజం మీది తువ్వాలు, చీర కొంగు పనికిరావు.

ఇప్పుడు మొదటి ధారలు. ప్రతి చన్ను నుంచి రెండు మూడు ధారలు ఒక నల్లటి వస్తువు మీద పితకండి. బజార్లో దీనికని ప్రత్యేకంగా కప్పులు దొరుకుతాయి గానీ అక్కర్లేదు, విశాఖలో ఎక్కడ చూసినా ఇళ్లు కడుతూనే ఉన్నారు, విరిగిన నల్ల గ్రానైట్ ముక్క ఒకటి అడిగితే ఊరికే ఇస్తారు. తెల్లటి స్టీలు గిన్నెలో తెల్లటి పాలు చూస్తే ఏం కనిపిస్తుంది? నల్లరాయి మీద అయితే రవ్వంత పలుకు కూడా దాక్కోలేదు. రాయిని కొంచెం వాల్చి పట్టుకుంటే పాలు పల్చగా జారి, పలుకులుంటే వెనక ఉండిపోతాయి.

ఏం చూడాలంటే, చిన్న చిన్న పలుకులు, దారపు పోగుల్లాంటివి, నీళ్లలా పల్చబడిపోవడం, పసుపు ఛాయ, రక్తపు చార. మొదటి ధారలోనే ఒకటి రెండు పలుకులు కనిపించి తర్వాత పాలు శుభ్రంగా వస్తే ఆ పూటకి మందుల జోలికి పోనక్కర్లేదు, తర్వాతి పూటలు వరుసగా గమనించి కింద చెప్పిన సర్ఫ్ పరీక్ష చేయండి. నాలుగైదు ధారల తర్వాత కూడా వస్తూనే ఉంటే అది పొదుగువాపే, అనుమానం వద్దు. ఈనిన కొత్తలో పాలు లేత గులాబీ రంగులో రావచ్చు, పొదుగు ఒత్తిడికి సన్నటి రక్తనాళాలు చిట్లి అలా అవుతుంది, తరచూ కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అయినా డాక్టర్ చెవిన వేయండి.

ఈ ధారల్ని నేల మీదకి పితకొద్దు, అరచేతిలోకి అసలే వద్దు. నేల మీద పితికితే ఆవు అక్కడే పడుకుంటుంది, చేతిలోకి పితికితే అదే చెయ్యి ఇంకో చన్నుకి తగులుతుంది. నల్లరాయిని పాక బయట కడిగేయండి.

దూడ సంగతి. మన ఇళ్లలో దూడను వదలందే ఆవు చేపదు. దూడ నాలుగూ చీకేశాక చూస్తే మొదటి ధారలు దాని కడుపులోకి పోయి ఉంటాయి. జెర్సీ క్రాస్ ఆవైతే దూడను వదలకముందే చన్నుకి రెండు ధారలు తీయగలరు. నాటు ఆవు మాత్రం దూడ మూతి తగిలితే గానీ చుక్క రాల్చదు, అలాంటప్పుడు దూడతో క్షణం సేపు చేపించి, వెంటనే లాగి కట్టేసి, ఎంగిలి తుడిచి, అప్పుడు చూడండి. ఒక చన్ను బాగోలేదని తెలిస్తే దూడను ఆవు దగ్గర ఇష్టమొచ్చినట్టు వదలకండి, చెడ్డ చన్ను చీకిన నోటితోనే మంచిది చీకుతుంది.

పితికే పద్ధతి గురించి చాలామంది పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవాల్సి వస్తుంది. బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి పితకడం మా వైపు బాగా అలవాటు. ధార జోరుగా వస్తుంది నిజమే, కానీ లోపలి పొర రోజూ నలుగుతుంది. నిండు పిడికిలితో పట్టుకుని పైనుంచి కిందకి ఒక్కో వేలూ బిగిస్తూ పితకడమే మంచిది. చేతికి నూనె, వెన్న రాసుకోవడం, పాల నురగతో చన్ను తడపడం కూడా మానేయండి, తడి చెయ్యి ఒక చన్ను మురికిని నాలుగింటికీ పంచుతుంది.

ముందు మంచి చన్నులు పితకండి, అనుమానం ఉన్నది చివర్లో, వేరే గిన్నెలోకి. ఇంటికి రెండో ఆవు వచ్చినా ఇదే వరస.

సర్ఫ్ పరీక్ష

పైకి కనిపించని పొదుగువాపుని ఇంట్లోనే పట్టుకునే మార్గం ఇది, మొత్తం ఖర్చు పది ఇరవై రూపాయలు. అమెరికాలో 1957లో కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్ అని ఒకటి కనిపెట్టారు, మన డాక్టర్ల దగ్గర నాలుగు గుంటల ప్లాస్టిక్ పళ్లెం, ఊదా రంగు ద్రావణం కనిపిస్తాయి చూడండి, అదే. బట్టలుతికే సర్ఫ్ పొడితో కూడా ఇంచుమించు అదే సూత్రం పనిచేస్తుంది. పొదుగులో సూక్ష్మజీవులు చేరితే వాటితో పోరాడటానికి రక్తంలోంచి తెల్లకణాలు పాలలోకి గుంపులుగా వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చన్ను పాలలో ఈ కణాలు మిల్లీలీటరుకు సుమారు 2 లక్షల లోపే ఉంటాయి, జబ్బు చేస్తే అంతకు మించి చాలా దూరం పోతాయి. సబ్బు ఆ కణాల గోడల్ని చీల్చేస్తుంది, లోపలి డీఎన్‌ఏ బయటపడి పాలను చిక్కటి జిగురుగా మార్చేస్తుంది. కణాలు ఎన్ని ఎక్కువుంటే జిగురు అంత ఎక్కువ.

చేసే విధానం చెబుతాను. లీటరు నీటికి 30 గ్రాములు, అంటే అర లీటరుకి 15 గ్రాముల సర్ఫ్ పొడి. చెంచా లెక్కలు నమ్మకండి, కిరాణా కొట్టులో తూకం వేయించండి. బాగా కరిగాక నురగ దిగేదాకా కాసేపు పక్కన పెట్టండి. ఒకే సైజు చిన్న కప్పులు నాలుగు తీసుకుని వాటి మీద పెన్నుతో కుడి ముందు, కుడి వెనక, ఎడమ ముందు, ఎడమ వెనక అని రాయండి. రాయకపోతే చివరికి ఏ కప్పు ఏ చన్నుదో అని దెబ్బలాట మొదలవుతుంది. మొదటి ధారలు తీసేశాక ఒక్కో చన్ను పాలు ఒక్కో కప్పులోకి రెండు మూడు చెంచాలంత తీసి, పాలు ఎంత ఉన్నాయో సర్ఫ్ నీళ్లు కూడా అంతే పోయండి. అన్నింటిలో కొలత ఒకటే ఉండాలి.

ఇప్పుడు కప్పుని చేత్తో గుండ్రంగా తిప్పండి, అర నిమిషం నుంచి నిమిషం. గిలకొట్టకూడదు, నురగ వస్తే ఏదీ కనిపించదు. తిప్పుతూ కప్పు అడుగు చూడండి. మంచి పాలు నీళ్లలా ఇటూ అటూ జారుతూనే ఉంటాయి. కొద్దిగా తేడా ఉంటే అడుగున పల్చటి పొరలాంటిది, చారలు చారలుగా కదిలి తిరిగి కలిసిపోతుంది. బాగా తేడా ఉంటే తిప్పుతుంటేనే మధ్యలోకి ముద్ద చేరుతుంది, కప్పు వంచితే కోడిగుడ్డు తెల్లసొన లాగా ఒక్క ముద్దగా జారి, వెంట తీగ సాగుతుంది. ఒకసారి ఇది కళ్లతో చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎక్కువసేపు తిప్పుతూ కూర్చోకండి, పల్చటి జిగురు కాసేపటికి విడిపోయి మామూలుగా కనిపిస్తుంది.

కంపెనీని బట్టి సబ్బుపొడి ఘాటు మారుతుంది, అందుకే ఇంత చిక్కగా ఉంటే ఇంత జబ్బు అని లెక్క కట్టకండి. నాలుగు కప్పుల్ని ఒకదానితో ఒకటి పోల్చండి, అందులో ఏది వేరుగా ఉందో అదే మీకు కావలసిన సమాధానం. ఈనిన మొదటి వారం జున్నుపాల రోజుల్లో, ఇంకా వచ్చే ఈతకి ముందు పితకడం ఆపేసే ఆఖరి రోజుల్లో జబ్బు లేకపోయినా నాలుగూ చిక్కబడొచ్చు. అప్పుడు కంగారు పడి చన్నులోకి మందు ట్యూబులు ఎక్కించొద్దు.

మామూలు రోజుల్లో పదిహేను రోజులకోసారి, వానాకాలంలో వారానికోసారి చేస్తే చాలు. ఈనిన వారం తర్వాత ఒకసారి, పాలు ఆపేముందు ఒకసారి తప్పనిసరి. పరీక్ష చేసిన పాలు పారబోయండి, కుక్కకీ పిల్లికీ కూడా పెట్టకండి, సబ్బు కదా.

వంటింట్లో కూడా ఒక సూచన దొరుకుతుంది. జబ్బు చన్ను పాలలో ఉప్పు శాతం పెరుగుతుంది, చక్కెర తగ్గుతుంది, అలాంటి పాలు మరిగించినప్పుడు విరిగిపోతుంటాయి. పచ్చిపాలు నోట్లో వేసుకుని రుచి చూడటం మాత్రం వద్దు. రెండు మూడు రోజులు వరసగా పాలు విరిగితే, గిన్నె సరిగ్గా తోమలేదని ఇంట్లో ఆడవాళ్ల మీద విరుచుకుపడకముందు నాలుగు చన్నుల పాలు నాలుగు గిన్నెల్లో వేరుగా మరిగించి చూడండి. పాల కేంద్రంలో ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే పాలలో వెన్న కాకుండా మిగిలిన ఘనపదార్థాల శాతం, పడిపోవడం కూడా ఒక సూచనే, కానీ మేత మారినా అది పడుతుంది కాబట్టి అదొక్కటే పట్టుకుని ఏమీ తేల్చకండి.

గోడ మీది కేలండరు

యాప్‌లు ఉన్నాయి, బాగానే ఉంటాయట. నాకైతే గోడకి వేలాడే తెలుగు కేలండరే నయం, పాలవాడి లెక్కలు, గ్యాస్ సిలిండర్ తేదీ ఎలాగూ దాని మీదే రాస్తాం. పూటకి ఎన్ని పాలో రాయండి. ఏ చన్నులో ఏం కనిపించిందో రాయండి. ఆవు ఎదకొచ్చిన రోజు, సూది వేయించిన రోజు, మందు వాడిన రోజు కూడా. ఆరు నెలల తర్వాత డాక్టర్ "ఇదే చన్నుకి ముందు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడుగుతాడు, చికిత్స చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. అదే చన్నుకి తిరగబెడుతుంటే ఒక రకం సూక్ష్మజీవి అనుమానం, వానలప్పుడే వస్తుంటే ఇంకో రకం. "వచ్చినట్టే గుర్తు సార్" అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

వానలు, తుపాన్లు

విశాఖలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ తర్వాత అక్టోబరు, నవంబరులో తుపాన్లు, మధ్యలో సముద్రపు ఉక్క. పొదుగుకి ఇదే గడ్డుకాలం. పేడలో, బురదలో పెరిగే సూక్ష్మజీవులకి తడి, వేడి రెండూ దొరుకుతాయి. పాకలో ఆవు పడుకునే చోటు పొడిగా ఉండటం మిగతా మందులన్నింటికంటే ముఖ్యం. నేల కాలువ వైపు కొంచెం వాలుగా ఉండాలి, పేడ రెండు మూడు సార్లు తీయాలి, తడి గడ్డి పక్క మార్చాలి, అప్పుడప్పుడు పొడి సున్నం చల్లి తుడవాలి. పక్కకి దొరికితే శుభ్రమైన ఇసుక మంచిది, గడ్డి కుళ్లినట్టు అది కుళ్లదు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మనకి కొవ్వొత్తులు, బియ్యం గుర్తొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తర్వాత కరెంటు లేక మోటార్లు తిరగక నీళ్లకి పడ్డ పాట్లు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆవు కోసం కూడా డ్రమ్ముల్లో నీళ్లు పట్టండి, పొడి గడ్డి ఎత్తు మీద దాచండి, చన్నులకి వాడే అయోడిన్ మందు ముందే తెచ్చుకోండి.

ఆ మందు సంగతి ఏంటంటే, పితికాక చన్ను రంధ్రం మూసుకోవడానికి అర గంట నుంచి గంట దాకా పడుతుంది. ఆ సమయంలో ఆవు బురదలో పడుకుంటే తలుపు తీసి పిలిచినట్టే. అందుకని పితకడం అవగానే ప్రతి చన్నునూ చిన్న కప్పులోని అయోడిన్ మందులో ముంచాలి. పశువుల మందుల షాపుల్లో టీట్ డిప్ అని అడిగితే ఇస్తారు. దొరక్కపోతే 5 శాతం పొవిడోన్ అయోడిన్ తొమ్మిది భాగాలకి ఒక భాగం గ్లిజరిన్ కలిపి వాడొచ్చు, గ్లిజరిన్ వల్ల చర్మం పగలదు. మిగిలిన మందు తిరిగి సీసాలో పోయకండి. తర్వాత గోలెంలో కుడితి, ముందు నాలుగు పరకలు పచ్చగడ్డి వేస్తే ఆవు నిలబడే తింటుంది, ఆ గంట గడిచిపోతుంది. మేత ముందే పెట్టేసి పితికేవాళ్లు ఆ వరస ఒక్కటి మార్చుకోండి.

తేడా కనిపించిన రోజు ఏం చేయాలి

సర్ఫ్‌లో చిక్కబడింది, పాలు, పొదుగు మాత్రం మామూలుగానే ఉన్నాయి అంటే పరుగులు పెట్టక్కర్లేదు. ఆ చన్నుని రోజుకి రెండు సార్లకి బదులు నాలుగైదు సార్లు ఖాళీ చేయండి, అయోడిన్ మానకండి, మూడు నాలుగు రోజులయ్యాక మళ్లీ పరీక్షించండి. తగ్గకపోతే డాక్టర్‌ని అడిగి పాల శాంపిల్ ల్యాబ్‌కి పంపించండి, ఏ మందుకి ఆ సూక్ష్మజీవి లొంగుతుందో తెలుస్తుంది. శాంపిల్ యాంటీబయాటిక్ వాడకముందే తీయాలి. చన్ను కొన స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలోకి పట్టి, ఐసు మీద పంపాలి.

ఈ దశలోనే జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు వాళ్లు ప్రచారం చేసే కలబంద పూత కూడా పనికొస్తుంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి మెత్తగా రుబ్బాలి. సున్నం తగలగానే పసుపు ఎర్రబడుతుంది, అలా ఎర్రబడితేనే సరిగ్గా కలిసినట్టు. ఆ ముద్దలో గుప్పెడు తీసుకుని నీళ్లతో పల్చగా చేసి, పొదుగు కడిగి, పాలు తీసేసి, మొత్తం పొదుగుకి రాయాలి. రోజుకి పది సార్ల దాకా, అయిదు రోజులు. ఏ రోజు ముద్ద ఆ రోజే చేసుకోండి, పాలు పితికేముందు పూత పూర్తిగా కడిగేయండి. ఇది డాక్టర్‌కి తోడు, డాక్టర్‌కి బదులు కాదు.

పాలలో పలుకులు వస్తున్నాయి, పొదుగు వేడిగా గట్టిగా ఉంది అంటే అదే రోజు డాక్టర్‌కి చూపించండి. రేపు చూద్దాం అన్న ఒక్క మాటతోనే ఎక్కువ చన్నులు పోతాయి.

ఇక నిజంగా టెన్షన్ పడాల్సినవి. ఆవు మేత మానేసింది, వణుకుతోంది, లేవలేకపోతోంది, పాలు నీళ్లలా లేత పసుపుగా వస్తున్నాయి, చన్ను చల్లబడి నీలంగానో నల్లగానో మారుతోంది. ఇలాంటప్పుడు గంటలు కూడా ముఖ్యమే, పొదుగే కాదు, ఆవు ప్రాణానికే ముప్పు. ఒక థర్మామీటరు ఇంట్లో ఉంచుకోండి, ఆసనంలో పెట్టి చూస్తే ఆవుకి మామూలుగా 101.5 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, 103 దాటితే జ్వరం. కానీ బాగా విషమించిన ఆవు ఒళ్లు చల్లబడిపోవచ్చు కూడా, థర్మామీటరులో జ్వరం లేదని ధీమాగా ఉండొద్దు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, కాల్‌కి డబ్బు పడదు. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడి నంబరు కూడా కేలండరు మీదే రాసి ఉంచుకోండి.

ట్యూబులు చన్నులోకి ఎక్కించడం మందుల షాపువాడి సలహాతో చేయకండి. డాక్టర్ ఇచ్చినవైనా, చన్ను పూర్తిగా ఖాళీ చేసి, కొన స్పిరిట్‌తో తుడిచి, ట్యూబు ముక్కు కొంచెమే లోపలికి పెట్టాలి, మొత్తం దూర్చేస్తే లోపలి పొర చిరుగుతుంది. రెండు ట్యూబులకే పాలు తెల్లబడ్డాయని ఆపేయకూడదు, చెప్పినన్ని రోజులూ వాడాలి. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత ట్యూబు మీద రాసిన గడువు పూర్తయ్యేదాకా ఆ ఆవు పాలు, అంటే నాలుగు చన్నుల పాలూ, అమ్మకూడదు, ఇంట్లో తాగకూడదు, దూడకీ పట్టకూడదు. "మరిగిస్తాం కదా" అంటారు. మరిగిస్తే యాంటీబయాటిక్ పోదు. జబ్బు చన్ను పాలలో కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం కూడా మరుగుకి పోదు, సూక్ష్మజీవి చచ్చినా విషం మిగులుతుంది.

పాలు ఆపేటప్పుడు, ఈనిన కొత్తలో

ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపాలి. లీటరు వస్తోంది కదా అని ఈనే దాకా పితుకుతూ పోతే తర్వాతి ఈతలో పాలు తగ్గుతాయి. ఆపే ముందు సర్ఫ్ పరీక్ష చేసి, తేడా ఉంటే ఆ సమయంలోనే డాక్టర్ చేత మందు వేయించండి, దాచుకున్న జబ్బుని తొలగించడానికి అది మంచి అవకాశం. దాణా తగ్గించాలి. ఆపిన రెండు వారాలు, ఈనే ముందు రెండు వారాలు పొదుగుకి బాగా ప్రమాదం, పాలు పితకడం లేదు కదా అని అటువైపు చూడటమే మానేస్తాం. రోజూ ఒకసారి కళ్లతో చూడండి, కానీ పితికి చూడొద్దు.

తొలిచూలు ఆవుకి ఈనే ముందు పొదుగు విపరీతంగా ఉబ్బి బొడ్డు దాకా వాపు రావచ్చు. వేలితో నొక్కితే గుంట పడి, వేడి లేకుండా, రెండు వైపులా సమానంగా ఉంటే అది నీరు, కొద్ది రోజుల్లో లాగేస్తుంది. ఒకే వైపు, వేడిగా, నొప్పిగా ఉంటే అది వేరే సంగతి.

ఎన్ని మందులు వాడినా మళ్లీ మళ్లీ తిరగబెట్టే చన్ను ఒకటి ఉంటుంది, లోపల గట్టి గడ్డలు కట్టి పాలు చుక్కచుక్కగా వస్తాయి. దాన్ని డాక్టర్ సలహాతో శాశ్వతంగా ఆపేయడమే మంచిది. మూడు చన్నుల ఆవు ఇంటికి సరిపడా పాలు ఇస్తుంది, జబ్బు చన్ను మిగతా మూడింటినీ పాడుచేసే ప్రమాదం తగ్గుతుంది.

కొత్త ఆవు కొనడానికి వెళ్తున్నా ఇదంతా పనికొస్తుంది. సంచిలో కలిపిన సర్ఫ్ నీళ్ల సీసా, నాలుగు కప్పులు, నల్లరాయి పెట్టుకుని వెళ్లండి. పితకడానికి ముందు ఒకసారి, పితికాక ఒకసారి పొదుగు తడమనివ్వమని అడగండి. అమ్మేవాడు "మా ఆవుని అనుమానిస్తున్నావా" అని మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి, నాలుగు కప్పులూ తిప్పి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.